గాజుపోగు మాట

పెట్టె విప్పకముందే మన్మథరావుకి పరిమళతో తగాదా వచ్చింది.

"ముందు మీ చెయ్యి పెట్టండి. నా పేషెంట్ల సంగతి తర్వాత," అందామె.

అది ఎనభై ఆరో సంవత్సరం. నర్సీపట్నంలోని ఒక చిన్న ఆసుపత్రిలో, కీళ్లనొప్పులకు మైక్రోవేవ్ మిషనుతో కాపడం పెట్టే గది ఆమెది. పెట్టెలో తెచ్చిన కొత్త రకం థర్మామీటరును పరీక్షించడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన ఇంజనీరు అతను, సొంతూరు రావికమతం. అందులో వెంట్రుకంత సన్నటి గాజుపోగు గుండా వెలుతురు వెళ్లి తిరిగొచ్చి, ఒంటి వేడి ఎంతో చెబుతుంది. లోహపు తీగైతే ఆ మిషను కింద తానే వేడెక్కి తప్పు చెబుతుంది.

మన్మథరావు చొక్కా చెయ్యి మడిచి, పోగు అంటించిన చేతిని మిషను కింద పెట్టాడు. చురుక్కుమంటున్నా నవ్వుతూనే కూర్చున్నాడు. మీటరు నలభై నాలుగు డిగ్రీలు చూపించగానే పరిమళ స్విచ్ ఆపేసింది. మొహమాటానికి ఒళ్లు కాల్చుకునేవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు, కొత్తగా మీరొకరా అని చీవాట్లేసింది. ఆ చీవాట్లు ఎంత నచ్చాయో ఏమో, రెండు రోజుల పనిని అతను వారం సాగదీశాడు. బయట వాన కూడా అతనికే సాయం చేసింది.

శుక్రవారం బలిఘట్టం నుంచి కామమ్మ మోకాలి నొప్పితో వచ్చింది. మిషను వేసిన కాసేపటికే గాజుపోగు నలభై ఆరు చూపించింది; పరిమళ వెంటనే ఆపేసింది. పెద్ద డాక్టరు దయావతిగారు ఎలా ఉందని అడిగితే మాత్రం హాయిగా ఉందంది కామమ్మ. దయావతిగారు ఏళ్ల తరబడి రోగి నోటిమాట మీదే మిషను నడిపిన మనిషి. పోగే చెడిపోయిందని తేల్చేసి, పెట్టె సర్దుకుని మధ్యాహ్నం బస్సుకి వెళ్లమని మన్మథరావుతో చెప్పారు.

అతను పెట్టె అందుకున్నాడు. పరిమళ మిషను ప్లగ్గు పీకి గుప్పిట్లో పట్టుకుంది.

"ఈ పోగు లేకుండా మిషను వెయ్యనండి. ఉద్యోగం తీసేస్తే తీసేయండి."

అని, కామమ్మ మోకాలి మీది గుడ్డ తొలగించింది. చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. కామమ్మ తల వంచుకుంది.

"డాక్టరమ్మ అంత పేమగా అడిగితే కాలతందని ఎలా సెప్పీది తల్లీ?"

దయావతిగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. కామమ్మ చెయ్యి పట్టుకుని తప్పు తనదేనన్నారు. దగ్గరుండి మందు రాయించారు. పెట్టె ఇక్కడే ఉంటుందన్నారు. అంతా అయ్యాక పరిమళ వైపు తిరిగారు.

"ఇంత పోట్లాట పోగు కోసమా, అబ్బాయి కోసమా?"

"రెండిటి కోసమూనండి."

మన్మథరావు చేతిలోంచి పెట్టె జారబోయింది. వరండాలోకి వచ్చాక మెల్లగా అడిగాడు.

"మా అమ్మ సూస్తే రోజూ తులసమ్మకి దీపం పెట్టీ మనిషి. మీ నాన్నగారు చర్చిలో పెద్ద. వాళ్లకి ఏటి సెప్తామండీ?"

"ఇప్పుడు డాక్టరుగారికి సెప్పిందే సెప్తాం. ముందు మా ఇంటికే. బేగి పదండి."

ఆమె అప్పటికే వానలోకి మెట్లు దిగుతోంది.