నాయన బండి సద్దు

పొద్దున తులసికోటకి నీళ్లు పోస్తున్న సుబ్బులమ్మ సందు మొదట్లో లేచిన చప్పుడుకి ఉలిక్కిపడింది. చూస్తుండగానే కొడుకు మునికృష్ణ వాకిట్లో బండి ఆపాడు. తండ్రి మునస్వామి నడిపిన రాజదూత్ మోటారుసైకిలు అది. ఆయన పోయి ఏడాది దాటింది.

"సూడు మా! సైలెన్సరు మార్చినా, గాలి డబ్బా పీకేయించినా, ఇంజను హెడ్డు లేతు మీద అరగదీయించినా. ఇంక మొగిలి గాటు కొండ దోవలో నన్ను అందుకునేవాడు లేడు."

సుబ్బులమ్మ బండి వంక చూడలేదు. "మీ నాయన్ని యాడ వదిలేసి వచ్చినావు రా?" అంది.

మునస్వామికి ఒక అలవాటుండేది. సందు మొదట్లో రెండుసార్లు ఆక్సిలేటరు తిప్పి వదిలేవాడు. ఆ సద్దు వినగానే ఆమె పళ్లెం పెట్టేది. ఆయన పోయాక కొడుకూ అలాగే తిప్పుతూ వచ్చేవాడు. అది చెవిన పడ్డాకే ఆమె మెతుకు ముట్టేది.

ఆ సాయంత్రం మునికృష్ణ రెండుసార్లు తిప్పాడు. ఆమె లేవలేదు. మరునాడూ లేవలేదు. కోడలు పంకజాక్షి ముద్ద కలిపి ఇచ్చినా, "మీ మామ ఇంకా రాలేదు పాపా" అని పక్కకి జరిపింది.

మునికృష్ణకి భయమేసింది. భయం కోపంగా బయటికొచ్చింది. "నాయన పోయినాడు మా!"

"నాకు తెలీదా? ఆ సద్దులోనే ఆయన ఇల్లు చేరేవాడు. దాన్ని పీకి పారేసినావు. ఇంక దోవ ఎట్ట తెలస్తాది ఆయనకి?"

"ఇనుప గొట్టంలో ఉంటాడా మనిషి? బతికినన్నాళ్లూ 'మెల్లగా పో, మెల్లగా పో' అని నా ప్రాణం తీసినాడు. సచ్చినా వదల్డా?"

సుబ్బులమ్మ లేచి లోపలికి పోయింది. అన్న మాట వెనక్కి రాదని అతనికి అప్పుడే తెలిసింది. అయినా తెల్లారగానే బండి తీశాడు. ఆదివారం గాటులో పందెం, అంతలోపు ఆ దోవ సాధన చెయ్యాలి. అది గెలిస్తే మద్రాసు దగ్గర షోళవరం రేసుల దాకా పోవచ్చని ఆశ.

మెకానిక్ జయరావు ముందే చెప్పాడు. "గాలి ఎక్కువ పీలిస్తే పెట్రోలూ ఎక్కువ అందాలప్పా. పెట్రోలు వదిలే పెద్ద జెట్టు మద్రాసు నుంచి వచ్చేదాకా గట్టిగా తిప్పద్దు. ఇంజను వేడికి పట్టేస్తాది."

మునికృష్ణ ఆగలేదు. మొగిలి గాటులో మంచు కమ్ముకుని ఉంది. బండి గాలిలో తేలినట్టు పోతోంది. అప్పుడు వెనక వినబడింది, రెండుసార్లు తిప్పి వదిలిన సద్దు. వెనక్కి తిరిగి చూశాడు. మంచు తప్ప ఏమీ లేదు. మళ్లీ అదే సద్దు, ఈసారి చెవి పక్కనే. చిన్నప్పుడు సైకిలు మీద పోతూ నాయన బండికి దారి ఇచ్చినట్టే, ఆక్సిలేటరు మీద చెయ్యి తనంతట తాను వదులైంది. బండిని ఓరకి తీశాడు.

వేగం తగ్గిందో లేదో ఇంజను పట్టేసింది. చక్రం బిగిసి, బండి మట్టిలో జారి ఆగింది. మరుక్షణం ముందు మలుపులోంచి ఒక లారీ రోడ్డంతా ఆక్రమించుకుని దిగిపోయింది.

వెనక రోడ్డు మీద ఎవరూ లేరు.

మునికృష్ణ అటుగా వచ్చిన ఇంకో ఖాళీ లారీలో బండిని తమ ఊరు చిత్తూరు తెచ్చి జయరావు షెడ్డులో దించాడు. చీకటి మూలలో మేకుకి పాత సైలెన్సరు వేలాడుతోంది. పట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేడిగా ఉంది.

"దీన్ని ఏ బండికన్నా కట్టినావా, జయరావన్నా?"

"తాకనే లేదప్పా. ఎండ తగిలింటాది."

ఆ మూలకి ఎండ రాదు. జయరావూ అటు చూసి మాట మార్చేశాడు.

దాన్ని గోనెగుడ్డలో చుట్టి భుజాన వేసుకుని మునికృష్ణ నడిచి ఇల్లు చేరాడు. గడపలో నిలబడ్డ పంకజాక్షి మొహం పాలిపోయి ఉంది. "మీరు పోయిన కొంచేపటికి సందు మొదట్లో మామ బండి సద్దయింది. అత్త లేచి అన్నం తినింది. నేనూ ఇన్నాను."

లోపల సుబ్బులమ్మ తిన్న పళ్లెం కడిగి బోర్లించి ఉంది. ఆమె ముందు ఇంకో పళ్లెంలో వడ్డించిన అన్నం మీద మూత. మునికృష్ణ సైలెన్సరు దించి ఆమె కాళ్ల మీద పడ్డాడు.

దేవుడు ఎవరిని ఏ దోవన పంపుతాడో మనకేం తెలుసు? ఆమె అతని తల నిమిరి పళ్లెం మీద మూత తీసింది.

"లే, చెయ్యి కడుక్కో. పొద్దున్నే చెప్పి పోయినాడు మీ నాయన, బిడ్డ నడిచి వస్తాడు, ఆకలిగా ఉంటాడు అని."