కాలి మీద కన్ను

బాజెల్‌లో, రైను నదికి దగ్గర్లో ఉన్న ఆ మూడో అంతస్తు వంటింట్లో, ఎంత పొద్దెక్కినా తెరలు తీయరు. పాప ఫ్లూరినాకి వెలుతురు పడదు. పుట్టుకతోనే కళ్ళలో, కంటిపాప చుట్టూ ఉండాల్సిన రంగు వలయం లేదు. చూస్తే రెండు నల్లటి గుండ్రాలు, అంతే.

రోస్‌మరీ ప్లమ్ పళ్ళ పళ్ళెం పక్కన గ్లాసులో కాస్త వెనిగర్ పోసిపెట్టింది, చిన్న ఈగలు పడి చావడానికి.

"నీ కోటుకే అంటుకొస్తున్నాయమ్మాయ్," అని కోడలు ఊర్సినాని దెప్పింది. "కడుపుతో ఉండి కూడా ఆ ప్రయోగశాలలో కళ్ళులేని ఈగల్ని పెంచావు. ఏమైందో చూశావుగా! ఇవాళే ఆ ఉద్యోగానికో దణ్ణం పెట్టి రా. లేకపోతే పాపని నేను చూసుకోను."

ఊర్సినా వెన్న రాస్తున్న కత్తి కింద పెట్టేసింది. "ఈగల్నుంచి ఇది అంటుకోదత్తయ్యా! మొన్న మా దగ్గర ఓ ఈగకి కాలి మీద కన్ను మొలిచింది. నాకు మొలిచిందా?"

రోస్‌మరీ కోపంగానే ఉంది గానీ చెవి మాత్రం అటే పడేసింది. "కాలి మీదా? అదెలా?"

"ఎలుకలో కన్ను పుట్టించే జన్యువుని ఈగ కాలిలో పనిచేయించాం."

"మరి ఎలుక కన్ను రాలేదూ?"

"అదే వింత! ఈగ కన్నే వచ్చింది. ఇక్కడ కన్ను కట్టు అని చెప్పడం వరకే దాని పని. ఎవరికొచ్చిన కన్ను వాళ్ళు కట్టుకుంటారు. అలాంటి జన్యువే మీకూ నాకూ ఉంది. పాపకి వచ్చినదాంట్లో చిన్న లోపం."

"ఎవరిచ్చారో ఆ లోపం!"

"మీ అబ్బాయికీ ఎండ పడదని తెలిసి డాక్టరు మీవాళ్ళ గురించి గుచ్చి గుచ్చి అడిగితే, మా వంశంలో కంటి జబ్బే లేదని కొట్టిపారేసింది మీరే కదా!"

"లేదు గనకే లేదన్నాను! మీ మామయ్య కళ్ళంత అందమైన కళ్ళు ఈ ఊళ్ళోనే లేవు. రంగన్నదే లేకుండా, నిగనిగలాడుతూ, మొత్తం నలు..."

ఆవిడ చూపు పాప వైపు తిరిగింది.

ఊర్సినా మామగారిని చూడలేదు. భర్త పసివాడిగా ఉండగానే ఆయన పోయాడు. గొంతు తగ్గించి అడిగింది. "ఎండలోకి వస్తే ఏం చేసేవారు?"

"టోపీ కళ్ళ మీదికి లాక్కునేవాడు. పేపరు ముక్కుకి ఆనించుకుని చదివేవాడు. సిగ్గరి అనుకున్నానే అమ్మాయ్, ఉత్త సిగ్గరి అనుకున్నాను!"

ఇన్నాళ్ళూ పాలు పట్టేటప్పుడు ఆవిడ పాప నుదురే చూసేది, కళ్ళు చూసేది కాదు. ఇప్పుడు ఎత్తుకుని, తనవైపు తిప్పుకుని, తనివితీరా చూసింది.

"ఇవి చూసేగా నేను పెళ్ళాడింది," అని బావురుమంది.

ఊర్సినా కళ్ళూ నిండాయి. అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది.

కాసేపటికి రోస్‌మరీ ముక్కు తుడుచుకుని, వెనిగర్ గ్లాసు తీసి సింకులో ఒంపేసింది. "ఇంకా నిలబడ్డావేం? ట్రామ్ వెళ్ళిపోతుంది. డాక్టరుకి నేనే చెప్తాలే. ఆ కాలి కన్ను ఈగని మాత్రం నాకోసారి చూపించాలి, తెలిసిందా?"