అందరి ఫోటోల్లోనూ అత్తగారే

పొద్దున్నే ఫోన్ మోగితే కోడలు భయపడుతూనే ఎత్తింది. అనుకున్నంతా అయింది.

"ఏమండీ, మొన్న మీ హాల్లో చేసుకున్న మా అమ్మానాన్నల పెళ్లిరోజు ఫోటోలు వచ్చాయి. ప్రతి ఫోటోలోనూ ఒక పెద్దావిడ మధ్యలో నిలబడి నవ్వుతోంది. అమ్మ తరఫు చుట్టమని నాన్న, నాన్న తరఫని అమ్మ అనుకున్నారట. ఎవరండీ ఆవిడ?"

"మా అత్తగారండీ," అని కోడలు సిగ్గుతో చచ్చిపోతూ క్షమాపణ చెప్పుకుంది.

తాతముత్తాతల నాటి ఆ బంగళాలో ఇప్పుడు కుటుంబానికి మిగిలినవి వెనకవైపు మూడు గదులే, మిగతావన్నీ అద్దెకిస్తున్నారు. ఒకప్పుడు తుపాకులు దాచిన గదిలో సంగీతం క్లాసు, గుమాస్తాల గదిలో చదరంగం క్లబ్బు, పెద్ద హాల్లో పుట్టినరోజులూ సన్మానాలూ. ఆ గదుల బాధ్యతంతా కోడలి నెత్తినే పడింది. భర్త "నువ్వు చూసుకుంటావుగా" అనేసి ఆఫీసుకు చెక్కేస్తాడు. అత్తగారు మాత్రం ఎక్కడికీ పోదు. ఎవరు పిలిచినా పిలవకపోయినా ఇస్త్రీ బట్టలు కట్టుకుని ముందు వరసలో తయారు. గుర్రం ఎటు నడుస్తుందో తెలియకపోయినా చదరంగం వాళ్లకు సలహాలిస్తుంది.

ఆవేళ హాల్లో ఎవరో లెక్చరరుగారికి సన్మానం. కోడలు ముందుజాగ్రత్తగా ఇంటికీ హాలుకీ మధ్య తలుపుకు తాళం వేసేసింది.

"తాళం తియ్యవే, వాళ్లు మొదలుపెట్టేశారు," అంది అత్తగారు.

"తియ్యను. ఎన్నిసార్లు చెప్పాలి అత్తయ్యా? అద్దెకిచ్చాక అది వాళ్ల హాలు. నా ప్రాణం తోడేస్తున్నారు! ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య మీకేం పని?"

అవతల గొల్లున నవ్వులు వినిపించాయి. అత్తగారు చప్పున వెళ్లి తలుపుకు చెవి ఆనించింది.

"అయ్యో, అదేం పని!" అంది కోడలు, ఒళ్లు మండిపోయి.

"నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ ఇదేగా నా పని! అప్పట్లో ఈ ఇంటి ఆడవాళ్లు ఆ హాల్లో అడుగుపెట్టకూడదు. మీ మామగారూ స్నేహితులూ అటు, నేనూ నా తోడికోడలూ ఇటు. కాఫీలు తలుపు దాకా అందించి ఇక్కడే నిలబడి వినేవాళ్లం. 'ఒక్కసారైనా అందులో కూర్చుందాం అక్కా' అనేది ఆ పిచ్చిది. కూర్చోకుండానే పోయింది."

అత్తగారు తాళం వైపు చూపించింది. "ఇప్పుడు దారిన పోయేవాళ్లకు కూడా ఆ తలుపులు తీస్తున్నావు. నాకు మాత్రం తాళం వేశావు."

కోడలు ఇన్నాళ్లూ ఇదంతా ముసలితనపు చాదస్తమే అనుకుంది. ఇప్పుడు ఆవిడ మొహంలోకి చూడలేకపోయింది. గబగబా తాళం తీసింది.

"వెళ్లండి. కానీ ఫోటోల్లో మధ్యలో మాత్రం నిలబడొద్దు!"

"సరే, పక్కన నిలబడతాలే. నువ్వూ రా."

"నాకు పనుంది అత్తయ్యా."

"ఎప్పుడూ పనే. నువ్వు ఆ హాల్లో ఒక్కసారైనా కూర్చున్నావటే?"

కోడలు ఆలోచించింది. ఊడ్పించింది, కుర్చీలు వేయించింది, లైట్లు ఆర్పింది. కూర్చోలేదు. ఆ మాట పైకి అనబోతే ఏడుపొచ్చింది.

అత్తగారు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. వెంటనే అవతలి కుర్చీలో ఉన్న అపరిచితురాలి వైపు వంగి, "మా కోడలండీ. కాస్త అరుస్తుంది గానీ బంగారం," అంది, హాలంతా వినబడేలా.

కోడలికి లేచి పారిపోవాలనిపించింది. లేవలేదు.