ఎరుపు నాది, నీలం నీది

బడి నుంచి వస్తూనే జుమానా సంచీ గుమ్మంలో పడేసి మేడ మీదికి పరుగెత్తింది. "రొట్టె చల్లారిపోతోందే పిల్లా!" అని నానమ్మ కేక వేసినా వినిపించుకోలేదు.

మేడ మీద తన ఎర్ర పావురాలు నాలుగూ గొడవ పడుతున్నాయి. మెడలు ఉబ్బించి, గుటగుటమంటూ గుండ్రంగా తిరుగుతూ, ఒకదాన్నొకటి పొడుస్తున్నాయి. అంత డాబు పోతు పావురాలకే ఉంటుంది. అంటే నాలుగూ పోతులే! తన వంతుకు వచ్చిన పిల్లల్లో గుడ్లు పెట్టే పెట్ట ఒక్కటైనా ఉంటుందని జుమానా ఆరు నెలలుగా ఎదురుచూస్తోంది. ఆ ఆశ కాస్తా గాల్లో కలిసిపోయింది.

తల్లి పావురం ఎర్రది, జుమానాది. తండ్రి నీలం, పక్క మేడ తామెర్‌ది. ఇద్దరూ చెరొకటీ తెచ్చి జుమానా మేడ మీది గూట్లో జత కట్టించారు. ఎర్ర పిల్లలు జుమానాకి, నీలం పిల్లలు తామెర్‌కి అని ఒప్పందం. "ఎరుపు నాది, నీలం నీది" అని జుమానా గోడ మీద సుద్దముక్కతో రాసింది కూడా. ఇప్పటిదాకా ఏడు పిల్లలు. నాలుగు ఎర్రవి, మూడు నీలంవి.

జుమానాది పొద్దుటి బడి. తామెర్‌ది మధ్యాహ్నం బడి. పొద్దున అతను గింజలు వేస్తాడు, సాయంత్రం ఆమె వేస్తుంది. అంటే పొద్దున్నంతా మేడ మీద ఉండేది అతనొక్కడే. జుమానా బుర్రలో ఏదో మెదిలింది.

తామెర్ అప్పుడే నీళ్ళ తొట్టి కడిగి, బడికి బయలుదేరబోతున్నాడు.

"నాకు నాలుగూ పోతులే ఎందుకొచ్చాయి?" అంది జుమానా.

"నన్నడుగుతావేంటి? పావురాన్ని అడుగు."

"వేళాకోళం వద్దు. బలమైన రంగు బలహీనమైన రంగుని కప్పేస్తుందని మొన్ననే క్లాసులో చెప్పారు. ఆడా మగా అన్న తేడా ఏమీ చెప్పలేదు. నాలుగింట్లో ఒక్క పెట్టయినా ఉండాలా వద్దా?"

"అయితే?"

"అయితే నువ్వే మార్చావు! నా పెట్టల్ని పట్టుకుపోయి, ఎక్కడివో పోతుల్ని తెచ్చి పెట్టావు. దొంగ!"

ఆ మాట చాలా గట్టిగా అంది. చుట్టుపక్కల మేడల మీద జెండాలు ఊపుతూ పావురాలు ఎగరేస్తున్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. కైరోలో పావురాలు పెంచేవాళ్ళ మధ్య అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

తామెర్ ముఖం పాలిపోయింది. గూటి దగ్గరికి వెళ్ళి, గుడ్ల మీద కూర్చున్న తన నీలం పోతుని ఎత్తుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

గూట్లో రెండు గుడ్లు మిగిలాయి. కాసేపటికి ఎర్ర పెట్ట వచ్చి వాటి మీద కూర్చుంది.

సంగతి విని నానమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "పగలు పోతు, రాత్రి పెట్ట. అలా వంతులేసుకుని పొదుగుతాయే అవి. ఒక్కతే ఎన్నాళ్ళు కూర్చుంటుంది? విసుగొచ్చి లేచిపోతే గుడ్లు చల్లారిపోతాయి. వెళ్ళి ఆ అబ్బాయిని పిలువు."

"దొంగని నేనెందుకు పిలవాలి?"

"ఈ పావురాల్లో బియ్యం కూరి వండించి ఉంటే ఇంట్లో ఈ గోలే ఉండేది కాదు," అని నానమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కానీ పిడికెడు గింజలు తీసుకెళ్ళి పెట్ట ముందు పోసింది తనే.

మర్నాడు బడిలో జుమానా రగ్దా టీచర్ని పట్టుకుని కథంతా చెప్పింది.

టీచర్ బల్ల మీద రెండు నీలం సుద్దముక్కలు పెట్టింది. వాటికి ఎదురుగా ఒకే ఒక్క ఎర్రది పెట్టింది.

"ఒక్కో సుద్దముక్కా ఒక రంగు చీటీ అనుకో. పోతు దగ్గర అలాంటివి రెండుంటాయి. పెట్ట దగ్గర ఒక్కటే."

"అదేంటి టీచర్, అన్యాయం!"

"పక్షుల్లో అంతే. తల్లి తన ఒక్క చీటీనీ కొడుకులకే ఇస్తుంది. తండ్రి మాత్రం అందరికీ తలా ఒకటి ఇస్తాడు. కాబట్టి కూతుళ్ళకి తండ్రి ఇచ్చే చీటీ ఒక్కటే దిక్కు. ఇప్పుడు నువ్వు పంచు."

జుమానా కొడుక్కి ఒక ఎర్రదీ ఒక నీలందీ ఇచ్చింది. ఎరుపు బలమైనది కాబట్టి నీలాన్ని కప్పేస్తుంది. కొడుకు ఎరుపు. ఇక కూతురికి ఒక్క నీలం ముక్కే. కప్పడానికి ఎరుపే లేదు.

"అంటే... ఎర్రవన్నీ పోతులే! నీలంవన్నీ పెట్టలే!" జుమానా కళ్ళు పెద్దవయ్యాయి. "మరి మీరు క్లాసులో అలా చెప్పలేదే?"

"నేను చెప్పింది మొదటి పేజీయే. ఎర్ర పువ్వూ తెల్ల పువ్వూ కలిసి గులాబీ రంగు పూసే మొక్కలున్నాయి. రెండు రంగులూ పక్కపక్కనే కనిపించే జంతువులున్నాయి. ఇంకా చాలా ఉంది." టీచర్ సుద్దముక్కలు డబ్బాలో వేసింది. "ఇంతకీ, తామెర్ పావురాలు పోతులా పెట్టలా? చూశావా?"

జుమానా చూడలేదు. అడగను కూడా లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

బెల్లు కొట్టగానే పరుగు అందుకుంది. తామెర్ బడికి వెళ్ళేలోగా పట్టుకోవాలి. అతని మేడ మెట్లు ఎక్కేసరికి ఆయాసంతో మాట రాలేదు. అక్కడ మూడు నీలం పావురాలు గోడ మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఒక్కటీ మెడ ఉబ్బించడం లేదు.

"మూడూ పెట్టలేనా?" అంది.

"ఊఁ," అన్నాడు తామెర్, ఆమె వైపు చూడకుండా. "నాకు ఒక్క పోతు కూడా రాలేదు. నువ్వే మార్చావేమోనని నాకూ అనుమానం వచ్చింది."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వు అలా చేస్తావా ఏంటి అనుకున్నా. అడగబుద్ధి కాలేదు."

జుమానాకి ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని గోడ దగ్గరికి వెళ్ళి, అన్ని మేడలకీ వినబడేలా అరిచింది: "తామెర్ దొంగ కాదు! వాడు ఏ పావురాన్నీ మార్చలేదు! తప్పు నాది!"

ఎదురు మేడ మీద ముసలాయన జెండా దించి నవ్వాడు. తామెర్ చెవులు ఎర్రబడ్డాయి. "చాల్లే, ఊరంతా వినేసింది," అని నీలం పోతుని ఎత్తుకున్నాడు. ఇద్దరూ జుమానా మేడ మీదికి పరుగెత్తారు.

గూడు దగ్గర పెట్ట లేదు. నీళ్ళ తొట్టి పక్కన రెక్కలు విదిలించుకుంటోంది. పక్కనే నానమ్మ శాలువా కప్పుకుని, రెండు గుడ్లనీ అరచేతుల్లో దాచుకుని కూర్చుంది.

"ఇప్పుడే లేచిందే మహాతల్లి! ఆ పోతుని త్వరగా దింపండి, నా మోకాళ్ళు పట్టేశాయి."

గుడ్లు గూట్లోకి చేరాయి. నీలం పోతు అటూ ఇటూ చూసి, ముక్కుతో వాటిని సర్దుకుని మెల్లగా పైన కూర్చుంది. ముగ్గురూ అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు.

"ఇక పద నువ్వు బడికి," అంది నానమ్మ తామెర్‌తో.

"ఒక్క నిమిషం," అంది జుమానా. తన ఎర్ర పోతుల్లో అన్నిటికన్నా ఎత్తుగా ఎగిరేదాన్ని పట్టుకుని అతని చేతిలో పెట్టింది. "ఇది నీకు."

"బదులుగా నీకో పెట్ట. సాయంత్రం తెస్తా," అన్నాడు తామెర్. "మరి ఈ గుడ్లలోవి ఎవరివి?"

జుమానా గోడ మీది "ఎరుపు నాది, నీలం నీది"ని అరచేత్తో బాగా తుడిచేసింది. సుద్దముక్క తీసుకుని అదే చోట రాసింది: "ముందు ఇద్దరం కలిసి చూద్దాం."