కోచ్ గారి మూడు నిమిషాలు

మైకు ఆగిపోయింది.

“మరియు గత కొన్నేళ్ళుగా సదరు ఈతకొలనును వినియోగించుకుంటున్న వారి...” అంటూ ఖాళీ హాలంతా మోగుతున్న గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. స్టేజీ మీదున్న అమ్మాయి మైకును రెండుసార్లు తట్టి, హాలు చివరి వైపు చూసింది. అక్కడ సౌండ్ బల్ల వెనక ఒకతను చేతులు కట్టుకుని తాపీగా కూర్చున్నాడు.

“హలో! కరెంటు పోయిందా?”

“లేదండి, నేనే ఆపాను.”

“ఎందుకు?”

“మీకిచ్చేది మూడు నిమిషాలు. పెద్దలకీ పిన్నలకీ నమస్కారాలయ్యేసరికే సగం పోయింది. ఆదివారం కమిటీ వాళ్ళే ఆపేస్తారు. ముందే అలవాటు చేద్దామని.”

ఆమె స్టేజీ దిగి దూసుకొచ్చింది. మున్సిపల్ స్విమ్మింగ్ పూల్లో కోచ్ ఆమె. మొండి పిల్లల్నీ, వాళ్ళకంటే మొండి తాతల్నీ నీళ్ళలోకి దింపిన మనిషి. బల్ల ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“సౌండ్ తగ్గించమంటే తగ్గించండి. స్పీచ్ తగ్గించమని మిమ్మల్నెవరు అడిగారు?”

“ఈ హాల్లో ఎవరు ఏం వాగినా వినాల్సింది నేనేనండి. జనం లేచిపోవచ్చు. నాకు ఆ వీలు కూడా లేదు.”

ఆమెకు నవ్వొచ్చింది. కోపంగా ఉన్నప్పుడు నవ్వు రావడం ఎంత చికాకో ఆ మొహం చూస్తే తెలుస్తుంది.

విషయం నవ్వులాట కాదు. పూల్ పూడ్చేసి పార్కింగ్ కడదామని వార్డు కమిటీ ఆలోచన. ఆదివారం ఇదే హాల్లో అందరి ముందూ కమిటీలోని ఐదుగురి ఓటింగ్. పూల్ పోతే ఆమె ఉద్యోగం పోతుంది. అక్కడికొచ్చే ముసలివాళ్ళ కాళ్ళకున్న ఒకే ఒక్క ఆసరా కూడా పోతుంది.

“సరే, ఏం చెయ్యమంటారు?” అంది, కుర్చీ లాక్కుని.

“ముందిది చెప్పండి. ఎవరితో మాట్లాడుతున్నారు?”

“అందరితో.”

“అందరితో అంటే ఎవరితోనూ కాదు. ఓటెవరిది తేలలేదు?”

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. “ఇద్దరు మావైపు. ఇద్దరు అటువైపు. మిగిలింది కమిటీ ప్రెసిడెంటు.”

“అయితే ఆయనతోనే మాట్లాడండి.”

“ఆయన మా నాన్న. నేను నోరు తెరిస్తే టీవీ సౌండ్ పెంచుతాడు.”

“వినేలా ఎప్పుడైనా మాట్లాడారా?”

మామూలుగా ఇలాంటి ప్రశ్న అడిగినవాడితో మళ్ళీ మాట్లాడరు. ఆమె మాత్రం మర్నాడు సాయంత్రం కాగితాల కట్ట పట్టుకుని వచ్చింది. గొడవ దగ్గరే ఆగి ఉంటే ఇద్దరికీ ప్రశాంతంగా ఉండేది. కానీ ఆ వయసులో ప్రశాంతత ఎవరికి కావాలి!

అతను పెన్ను తీసుకుని కొట్టేయడం మొదలుపెట్టాడు.

“అయ్యో, అది తీసేయకండి! ఆ లెక్కల కోసం వారం రోజులు ఎండలో తిరిగాను.”

“మీరు తిరిగారని వాళ్ళెందుకు బాధపడాలి?”

“మీకు అసలు మనసుందా?”

“ఉందండి. స్పీచ్ చివర్లో పెట్టుకుందాం.”

ఇంకో జబ్బు కూడా దొరికింది. ఆమె ఒక్కసారి ఊపిరి పీల్చిందంటే పేరా అయ్యేదాకా మళ్ళీ పీల్చదు. ఈదినట్టే మాట్లాడుతుంది. అవతలి గట్టు తగిలేదాకా తల ఎత్తదు. వినేవాడికే ఊపిరాడదు.

“వాక్యం అయ్యాక తల పైకెత్తండి కోచ్ గారూ.”

“ఎత్తి?”

“ఎదురుగా ఉన్న మనిషిని చూడండి. ఆ తర్వాత మునగండి.”

ఆమె వాక్యం చదివి తల ఎత్తింది. ఎదురుగా ఉన్న మనిషి అతనే. తర్వాతి వాక్యం ఏమిటో ఇద్దరికీ గుర్తు రాలేదు.

శుక్రవారం నాటికి స్పీచ్ సగానికి తగ్గింది. కానీ ఎక్కడో తేడా కొడుతోంది. హాలు గుమ్మంలో నిలబడి బయట కురుస్తున్న వాన చూస్తూ అతను అడిగాడు: “మీ నాన్నగారికి పూల్ అంటే కోపమా?”

“కోపమేం లేదు. మాది హార్డ్‌వేర్ కొట్టు. బండి పెట్టే చోటు లేక కస్టమర్లు వెనక్కి పోతున్నారని ఆయన ఏడుపు.”

“మరి మీ స్పీచ్‌లో పార్కింగ్ అన్న మాటే లేదేం?”

“అది వాళ్ళ పాయింట్ కదా!”

“వాళ్ళ పాయింట్ మీ నోటితో వస్తేనే మీ పాయింట్ వాళ్ళ చెవికెక్కేది.”

ఆమె కాగితం తీసి ‘పార్కింగ్’ అని రాసుకుంది. వాన మాత్రం వాదిస్తూనే ఉంది.

“పదండి, నా వ్యాన్లో దింపుతాను,” అన్నాడు.

“వ్యాన్ దాకా వెళ్ళేసరికి తడిసి ముద్దవుతాం.”

“తడవం. ఇక్కడే, కింద ఉంది.”

“కిందంటే?”

“సెల్లార్లో.”

మెట్లు దిగారు. హాలు ఎంత ఉందో కిందా అంతే చోటుంది. మధ్యలో అతని పాత వ్యాను ఒక్కటే పెళ్ళికొడుకులా నిలబడి ఉంది.

“ఇదెప్పుడూ ఇంతేనా?” ఆమె గొంతు మారింది.

“ఫంక్షన్లున్నప్పుడు తప్ప గేటుకి తాళమే. నా దగ్గర ఇంకో తాళంచెవి ఉంది కాబట్టి...”

“రోజూ ఇక్కడే పెడుతూ ఒక్క ముక్క చెప్పలేదేం!”

“మీరు అడగలేదు. నాకూ తట్టలేదు.”

ఆమె ఒక్క గెంతు గెంతి అతని చెయ్యి పట్టుకుని గిర్రున తిప్పేసింది. ఆగాక ఇద్దరూ ఆ పట్టుకున్న చేతుల వైపే చూశారు. “సారీ,” అంది. “పర్లేదండి,” అన్నాడు. చెయ్యి మాత్రం ఎవరూ ముందు వదల్లేదు.

శనివారమంతా ఆమె కాలు నిలవలేదు. హాలు మేనేజరు దగ్గరికెళ్ళింది. సెల్లారు ఎందుకు మూస్తున్నారంటే ఎవరూ అడగలేదు కాబట్టి అన్నాడు. కొట్ల వాళ్ళను అడిగింది. అక్కడ బండి పెట్టనిస్తే ఇంకేం కావాలన్నారు. సాయంత్రానికి స్పీచ్ అరచేతిలో పట్టేంతయింది.

ఆదివారం హాలు కిక్కిరిసింది. కమిటీ మధ్యలో వాళ్ళ నాన్న, మొహం ధుమధుమలాడించుకుంటూ. “తర్వాత, స్విమ్మింగ్ కోచ్!” అని పిలిచారు.

ఆమె స్టేజీ ఎక్కింది. మొదటి వాక్యం చెప్పింది.

ఒక్క ముక్క బయటికి రాలేదు. “వినపడట్లేదు!” అని వెనక నుంచి అరుపులు.

ఆమె సౌండ్ బల్ల వైపు చూసింది. అతను తననే చూస్తున్నాడు. ఆమె మాటలకు తగ్గట్టు అతని పెదాలు కూడా కదులుతున్నాయి. చెయ్యి మాత్రం మైకు మీట జోలికి పోవడం లేదు. మళ్ళీ కట్ చేశాడా! ఇవాళ కూడానా!

ఆ కోపంలో మైకును పక్కకి నెట్టేసి, పూల్ ఈ గట్టున నిలబడి ఆ గట్టు వాళ్ళను పిలిచే గొంతు తీసింది.

“నాన్నా! మన కొట్టు ముందు బండి పెట్టడానికి చోటు లేదు. నిజమే!”

హాలు గప్‌చుప్ అయింది. ఆయన ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు. ఆమె తల ఎత్తి, ఆయన కళ్ళలోకి చూసి, ఊపిరి పీల్చుకుంది.

“ఇప్పుడు మీరంతా కూర్చున్న చోటికి సరిగ్గా కింద, ఇంత సెల్లారు ఖాళీగా పడుంది. తాళం తీస్తే చాలు. కొట్ల వాళ్ళను అడిగాను, అక్కడే పెడతామన్నారు.”

మళ్ళీ ఊపిరి.

“నేల మీద నాలుగడుగులు వేయలేని వాళ్ళు పొద్దున్నే మా పూల్‌కొచ్చి నీళ్ళలో నడుస్తున్నారు. బండ్లకి ఇంకో చోటుంది నాన్నా. వాళ్ళకి లేదు.”

దిగిపోయింది. ఇంకా టైముండగానే.

ప్రెసిడెంటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆ సెల్లారు తాళం ఎవరి దగ్గరుంది?”

మేనేజరు లేచాడు. “నా దగ్గరేనండి.”

“రేపట్నుంచి తీస్తావా?”

“తీస్తానండి.”

“అయితే పూల్ జోలికి పోవద్దు. నా ఓటు పూల్‌కే!”

చప్పట్లతో పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. ఆ చప్పట్ల మధ్యనే ఆమె సౌండ్ బల్ల మీదికి దండెత్తింది.

“ఇవాళ కూడా కట్ చేస్తారా!”

“కట్ చెయ్యలేదు కోచ్ గారూ. ఆన్ చెయ్యడం మర్చిపోయాను.”

“మర్చిపోయారా? మీ ఉద్యోగమే అది!”

“తెలుసు. మీరు స్టేజీ ఎక్కారు. నేను చూస్తూ ఉండిపోయాను. చేతి సంగతి గుర్తు లేదు. అంటే... నేనేమంటున్నానంటే...”

“ఏమంటున్నారు?”

ఊళ్ళో అందరి స్పీచ్‌లకూ వంకలు పెట్టేవాడు రెండు మాటలు కూడదీసుకోలేక చెమటలు కక్కాడు. “మీరంటే... నాకు...” అని గొణిగాడు.

“వినపడట్లేదయ్యా, గట్టిగా చెప్పు!”

ఆ గొంతు ఆమెది కాదు. ప్రెసిడెంటు గారు వచ్చి వెనకే నిలబడ్డారు.

అతను బల్ల పట్టుకుని లేచాడు. “మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టమండి!” గుమ్మం దాటుతున్న జనం కూడా వెనక్కి తిరిగారు. కోచ్ చెవులు ఎర్రబడ్డాయి. కాదని మాత్రం అనలేదు.

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఇలాంటివి నిలబడి తేల్చేవి కావు. సాయంత్రం ఇంటికి రావయ్యా,” అని చకచకా వెళ్ళిపోయాడు. మూతి బిగించాడు గానీ, మీసం కింద నవ్వు దాగలేదు.

అతను కుర్చీలో కూలబడ్డాడు. “ఒప్పుకున్నట్టేనా?”

“ఆయన ఒప్పుకున్నట్టే,” అంది ఆమె, అతని జేబులోంచి పెన్ను లాక్కుంటూ. “ఇంట్లో అమ్మ ఉంది. ఆవిడ ఓటింకా తేలలేదు. ఇలా జరుగు, స్పీచ్ రాద్దాం.”