వెనక్కి తిరగని బొమ్మ

వెలుగులంకలో చెరువుగట్టు వీధి చివర ఓ మేడ ఉందండీ. చీకటి పడ్డాక అటువైపు ఎవరూ వెళ్ళరు.

వెళ్ళినవాళ్ళకి ముందు ఈల వినిపిస్తుందట. బుస్సుమంటూ ఒకటి… కాసేపాగి ఇంకోటి… మళ్ళీ ఇంకోటి. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, నూతిలోంచి వచ్చినట్టు, పై కిటికీలోంచి ఓ ఆడగొంతు —

"ఏవండీ…"

తలెత్తి చూస్తే కిటికీలో తెల్లగా ఏదో నిలబడి ఉంటుంది. జుట్టు లేదు. ముఖం ఉండాల్సిన చోట ముఖం లేదు. కదలదు, మెదలదు. మళ్ళీ అదే పిలుపు.

వెలుగులంక ఎక్కడుందా అని ఆకివీడు బస్సెక్కి వెతక్కండి, దొరకదు. అది కంప్యూటర్లో ఉంది. నవలోకం అని ఓ ఆట ఉంది. అందులో ఎవరికి నచ్చిన బొమ్మ వేషం వాళ్ళు వేసుకుని, ఇళ్ళు కట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వీధుల్లో తిరుగుతూ కబుర్లు చెప్పుకుంటారు. మన ఏలూరు, గూడెం, ఆకివీడు వాళ్ళంతా కలిసి అందులో ఓ కొల్లేరు చేసుకున్నారు. నీళ్ళు, తామరలు, గూడబాతులు… ఎంత బాగా కుదిరిందనీ! రెండు నెలలు తిరక్కుండా దాని చుట్టూ గట్లు పోసి చేపల చెరువులు చేసేశారు. అలవాటుపడ్డ చేతులు కదండీ, ఊరుకోవు.

ఆ లోకంలో పగళ్ళూ రాత్రులూ పొట్టివి. మనకి మధ్యాహ్నం భోజనాల వేళకి అక్కడ చీకటి పడుతుంది. మళ్ళీ మన రాత్రి భోజనాల వేళకి ఇంకోసారి. కాబట్టి అక్కడి దెయ్యం మన లెక్కన మిట్టమధ్యాహ్నం కూడా డ్యూటీ చేస్తుంది. దాన్ననుకుని లాభం లేదు.

ఆ మేడ కట్టినాయన ఎవరో మోజు తీరి వెళ్ళిపోయాడు. తలుపు లోపల్నుంచి గడియ వేసి ఉంది. సాలెగూడు లేదు, గబ్బిలం లేదు, వేసిన రంగు వేసినట్టే మెరుస్తోంది. అయినా పాడుబడ్డ ఇల్లనే పేరు వచ్చేసింది. పేరు రావడానికి ఏముందండీ, నలుగురు అంటే చాలు.

అసలు చిక్కంతా ఆ పిలుపుతోనే. మన జిల్లాల్లో ఆడగొంతు "ఏవండీ" అంటే తిరగని మొగుడు ఉంటాడా? కత్తులు పట్టుకున్న వీరులు తిరిగారు. రెక్కల గుర్రాలు తిరిగాయి. ఆకివీడులో చేపల మేత వ్యాపారం చేసే ఆనంద్ పాల్ అక్కడ పెద్దపులి వేషంలో తిరుగుతుంటాడు. ఓ రాత్రి ఆ పులి గిర్రున వెనక్కి తిరిగి, గట్టు మీంచి జారి చెరువులో పడింది. హెడ్‌ఫోన్లు పీకేసి వంటింట్లోకి పరిగెత్తి, "పిలిచావా విక్టోరియా?" అని అడిగాడట. "నేనెక్కడ పిలిచానండీ? ప్రభువు తోడు, నేను చేపలు తోముకుంటున్నాను," అందావిడ. ఆ రోజు నుంచీ పులి చీకటి పడితే గడప దాటదు.

ఇంతమందిలో ఒక్క మనిషి మాత్రం ఆ పిలుపుకి తల తిప్పలేదు. ఆయనే మన కామేశ్వరరావుగారు.

కామేశ్వరరావుగారిది ఏలూరు పవర్‌పేట. ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. రిటైరయ్యాక ఆయనకి ఒకే కోరిక మిగిలింది — ఎక్కడో ఒకచోట, ఏదో ఒకదానికి ప్రెసిడెంటు కావాలి. అపార్టుమెంటు అసోసియేషన్‌కి నిలబడి ఓడిపోయారు. వాకింగ్ క్లబ్బుకి నిలబడితే, "మీరసలు నడవరు కదండీ" అన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన ఇంటి సంగతి తర్వాత చూద్దామని రచ్చలు మారుస్తూ పోయి, ఈ లోకంలో ఏ రచ్చా కలిసిరాక ఆ లోకానికి చేరారు.

అక్కడ ఆయన పేరు కొల్లేటి సింహం. ఎర్ర తలపాగా, కోరమీసం, ఎత్తైన విగ్రహం. ఇక్కడేమో బనీనూ, లుంగీ, మోకాళ్ళ నొప్పులూ. పొద్దున్న కాఫీ తాగి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించారంటే ఇక ఈ లోకంతో ఆయనకి పని లేదు. భార్య వెంకటసుబ్బలక్ష్మిగారు అన్నానికి పిలిస్తే నోరు దానంతటదే అనేది — "ఆఁ, వస్తున్నా. ఐదు నిమిషాలు." ఆ ఐదు నిమిషాల్లో పప్పు చల్లారేది, నెయ్యి పేరుకునేది, ఆవిడ తినేసి గిన్నెలు కూడా కడిగేసుకునేది.

ఇంతలో వెలుగులంకకి ప్రెసిడెంటు ఎన్నికలొచ్చాయి. పోటీ ఇద్దరి మధ్య. పులి, సింహం.

రావిచెట్టు కింద… అక్కడ అదీ బొమ్మేలెండి… మీటింగు పెట్టి కామేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. "మీరంతా ఆ పిలుపుకి వెనక్కి తిరిగినవాళ్ళే. నేను? రోజూ ఆ మేడ కిందనుంచే నడుస్తాను. వినపడుతుంది. వినపడితే తిరగాలా? చీమ కుట్టినట్టయినా ఉండదు నాకు. అలాంటివాడు కావాలా, చెరువులో పడ్డవాడు కావాలా, మీరే తేల్చుకోండి."

చప్పట్లు మోగిపోయాయి. పులికి ఒళ్ళు మండింది.

"అయితే సార్, లోపలికెళ్ళి దాన్ని పంపించెయ్యండి," అన్నాడు ఆనంద్ పాల్. "మీరు చెయ్యగలిగితే నేను పోటీలోంచి తప్పుకుంటాను. చెయ్యలేకపోతే మీరు తప్పుకోండి. సరేనాండీ?"

ఊరంతా సరేనంది. ఊళ్ళో సగంమంది ఒప్పుకుంటే ఏ ఇంటి తలుపైనా తెరుచుకుంటుందని ఆ లోకపు రూలు. తలుపు తెరుచుకుంది. కామేశ్వరరావుగారికి నోరు జారిందని అప్పుడు తెలిసొచ్చింది. కానీ జీవితంలో మొదటిసారి ప్రెసిడెంటుగిరీ చేతికందేంత దూరంలో ఉంది. వెనక్కి తగ్గితే వాకింగ్ క్లబ్బు కూడా మిగలదు.

మధ్యాహ్నమైంది. అక్కడ చీకటి పడింది.

వీధిలో ఊరి బొమ్మలన్నీ వరసగా నిలబడ్డాయి. "మైకు తీసే ఉంచండి సార్," గుసగుసలాడింది పులి. "మీ మాట మాకు వినపడుతుండాలి. ఏదైనా అయితే…" అని ఆపేసింది.

సింహం గుమ్మం దాటింది.

లోపల కటిక చీకటి. ఖాళీ ఇంట్లో అడుగుల చప్పుడు రెండింతలై వినిపిస్తోంది. మెట్టు… ఇంకో మెట్టు… పవర్‌పేటలో ఫ్యాను కిందే కూర్చున్న కామేశ్వరరావుగారికి బనీను తడిసిపోయింది. పైకి మాత్రం, "ఏం లేదయ్యా ఇక్కడ, అంతా ఉత్తిదే," అన్నారు. ఆ అనడం కూడా సగమే పైకొచ్చింది.

పై గది.

కిటికీ దగ్గర — ఉంది.

తెల్లగా. గుండు. వీపు ఇటుంది. వీధిలోకి చూస్తున్నట్టుంది, చూడ్డానికి కళ్ళు లేవు గానీ.

ఈల! ఒకటి…

ఆయన పంచప్రాణాలూ పైకెగిరాయి.

రెండోది… మూడోది… ఆ తర్వాత నిశ్శబ్దం. ఇక పిలుస్తుంది. పిలిచి ఇటు తిరుగుతుంది. ముఖం లేని ముఖంతో —

"ఏవండీ…"

"ఆఁ, వస్తున్నా. ఐదు నిమిషాలు."

ఈ మాట అన్నదెవరనుకుంటున్నారు? సింహమే! అందామని అనలేదండీ. భయానికి నాలుక పిడచకట్టి, ఏళ్ళ తరబడి అలవాటైన మాటొక్కటే బయటికొచ్చింది.

తెల్లది నిట్టూర్చింది.

"మీ ఐదు నిమిషాలకేం గానీ… వంకాయ కూర చల్లారిపోతోందండీ."

వంకాయ కూర! పొద్దున్న లేత వంకాయలు తెచ్చింది తనే కదా! కామేశ్వరరావుగారు మెల్లిగా హెడ్‌ఫోన్ ఒకవైపు పక్కకి జరిపారు. "ఏవండీ" అని మళ్ళీ వినిపించింది. ముందు వంటింట్లోంచి. ఆ వెనకే, రెండో చెవిలో, మేడలోంచి.

ఆయన లేచి నిలబడ్డారు. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్ళారు.

పొయ్యి మీద కుక్కరు ఆవిరి వదిలి చల్లబడుతోంది. పోపులపెట్టెకి ఆనించి ఓ ఫోను. ఆ ఫోనులోకి చూస్తూ, గరిట చేత్తో పట్టుకుని, వెంకటసుబ్బలక్ష్మిగారు.

"నువ్వా!"

"నేనేనండీ," అందావిడ. ఎంత మెల్లిగా అందంటే, మామూలుగా ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే ఉంది. "వేసవి సెలవల్లో అక్కయ్య కూతురు హిమబిందు గూడెం నుంచి వచ్చింది కదా, అదే ఈ ఆట నా ఫోనులో పెట్టిచ్చింది. బాబాయి ఎప్పుడూ ఆ ఊళ్ళోనే ఉంటాడు పిన్నీ, నువ్వూ వెళ్ళు అంది. ఇల్లు లేనివాళ్ళని ఖాళీ ఇంట్లో దింపుతారటండీ, ఆ మేడలో దింపారు. తలుపు తియ్యడం తెలీలేదు. మెట్లు దిగడం తెలీలేదు. బొమ్మకి జుట్టు ఎలా పెట్టాలో అసలే తెలీలేదు. సరే, కిటికీ ఉంది కదాని అక్కడే నించున్నాను."

"ఇంట్లో ఉన్న మనిషిని ఇంట్లో పిలవొచ్చుగా!"

"పిలుస్తూనే ఉన్నానుగా."

ఆయన అంతటితో ఊరుకుంటారా? "పోనీ అక్కడైనా పేరు పెట్టి పిలిస్తే తెలిసేది కదా! కామేశ్వరరావూ అంటే నోరు పడిపోతుందా?"

ఆవిడ గరిట ఉన్న చేత్తోనే చెంపలేసుకుంది. "మీ పేరా! నేనా! రేషన్ కార్డు దగ్గరే పక్కింటావిడ చేత చెప్పించాను. ఊరంతా వింటుంటే నా నోటితోనా?"

"సరే, అయిందేదో అయింది," అన్నారాయన. పరువులో ఏ ముక్క మిగిలిందా అని వెతుక్కుంటున్నారు పాపం. "ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. అందరూ బెదిరి వెనక్కి తిరిగారు. నేను తిరగలేదు."

వెంకటసుబ్బలక్ష్మిగారు పొయ్యి మీంచి గిన్నె దించింది. మూత పెట్టింది. అప్పుడు ఆయన వైపు చూసింది.

"అదే చెబుదామనుకుంటున్నానండీ. అందులో మీరే బొమ్మో నాకు తెలీదు కదా. పిలిచి కిటికీలోంచి చూసేదాన్ని. తిరిగినాయన మా ఆయన అనుకుందామని. పులి తిరిగింది. రెక్కల గుర్రం తిరిగింది. పెళ్ళికాని కుర్రాళ్ళు కూడా తిరిగారు పాపం. ఎర్ర తలపాగా ఒక్కటే, ఎన్నిసార్లు పిలిచినా… దాని దారిన అది పోయింది."

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"మొదటి వారంలోనే తెలిసిపోయిందండీ. అదే మీరని."

కామేశ్వరరావుగారికి సిగ్గేసింది. ఆఫీసులో తిట్లు తిన్నప్పుడూ, ఎన్నికల్లో ఓడినప్పుడూ వెయ్యనంత సిగ్గేసింది.

పోపులపెట్టెకి ఆనించిన ఫోను అలాగే వెలుగుతోంది. దాని మైకు తీసే ఉంది. అక్కడ చెరువుగట్టు వీధిలో ఊరంతా నిలబడి ఈ సంభాషణ పొల్లుపోకుండా విన్నారు. ఎవరూ నవ్వలేదు. ముందు పులి మాయమైంది. ఆ వెనకే గుర్రం. ఒక్కొక్క బొమ్మే మాయమై వీధంతా ఖాళీ అయిపోయింది. అందరికీ ఒక్కసారే ఆకలేసినట్టుంది.

దెయ్యం బయటపడింది కాబట్టి ఆనంద్ పాల్ మాట మీద నిలబడి తప్పుకున్నాడు. కామేశ్వరరావుగారు ఏకగ్రీవంగా ప్రెసిడెంటయ్యారు. ప్రమాణస్వీకారానికి మాత్రం ఎవరూ రాలేదు. భోజనాల వేళ పెట్టారట, అదీ తప్పు.

మర్నాడు పొద్దున్న వెంకటసుబ్బలక్ష్మిగారు వంటిల్లు సర్ది, సంచీ సర్దుకుంది. "అక్కయ్య ఎప్పట్నుంచో రమ్మంటోందండీ. గూడెం వెళ్ళొస్తాను." కోపం లేదు, కన్నీళ్ళు లేవు. రైలెక్కి వెళ్ళిపోయింది.

వారం గడిచాక, హోటలు సాంబారు తిని తిని నాలుక మొద్దుబారి, ఆయన ఫోన్ చేశారు. "ఎప్పుడొస్తావే?"

"ఆఁ… వస్తున్నానండీ," అందట ఆవిడ. "ఐదు నిమిషాలు."

ఇది జరిగి నెల దాటింది. వెలుగులంకలో ఆ మేడకి మళ్ళీ పేరొచ్చింది. ఇప్పుడు మగగొంతట. "సుబ్బలక్ష్మీ… సుబ్బలక్ష్మీ…" అని బొంగురుగా పిలుస్తుందట. ముందు ఈలలు మాత్రం వినిపించవు. కుక్కరు పెట్టడం ప్రెసిడెంటుగారికి రాదు కదండీ.

ఆ పిలుపుకి ఎవరూ బెదరరు. ఎవరూ తిరగరు. కానీ చూసినవాళ్ళు చెబుతారు… చీకటి పడగానే, సరిగ్గా మన భోజనాల వేళకి, గుండుతో, ముఖం లేని తెల్ల బొమ్మ ఒకటి ఆ వీధిలోకి వస్తుందట. ఎవరు నేర్పారో గానీ నడవడం బాగానే వచ్చింది. పై కిటికీలో ఎర్ర తలపాగా ముందుకి వంగి పిలుస్తూనే ఉంటుంది. తెల్ల బొమ్మ కిటికీ కిందనుంచే నడుస్తుంది. తల తిప్పదు. దాని దారిన అది పోతుంది.