దోన కాడ నీళ్లడిగే గొంతు

అచ్చంపేట దాటి నల్లమలలోకి పోతే కాకిబండ గుట్ట అని ఒకటుంది. దాని నెత్తిన, రాతి మధ్యలో నీళ్ల గుంట... దోన అంటారు. నడి ఎండాకాలంలో కూడా ఎండదు. కానీ ఆ దోనకు మంచి పేరు లేదు. రాత్రిపూట అక్కడ ఎవరో నీళ్లడుగుతారట. నీళ్ల ఒడ్డునే ఉండి, జర నీళ్లు పోయమని. పలికినవాళ్లు కిందికి దిగిరారట.

రేణుక అచ్చంపేట దవాఖానలో నర్సు. భర్త పాల్‌తో కలిసి ఒక రాత్రి ఆ గుట్ట మీద టెంటు వేసుకుని ఉండాలని పర్మిషన్ తీసుకుంది. కింద గేటు దగ్గర వాచర్ వెంకటయ్య వాళ్ల సంచులు చూసి, చెప్పాల్సింది చెప్పాడు.

"పైన మంట పెట్టొద్దు. ఆ గాలికి గడ్డి అంటుకుంటే ఆపేటోడుండడు. టెంటు దోనకు దూరంగ ఏసుకోవాలె, రాత్రి జంతువులు నీళ్లకొస్తయి. చీకటైనంక బయట తిరగొద్దు."

చివరికి గొంతు తగ్గించాడు.

"ఎవరన్న పిలిస్తే... పలుకొద్దు."

"గిది గూడ రూలేనా?" అని నవ్వాడు పాల్.

వెంకటయ్య గేటు తీసి పక్కకు జరిగాడు.

పొద్దు గూకేవేళకు పైకి చేరారు. దోన ఒడ్డునే ఎవరిదో టెంటు, ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. ముందర బూడిద కుప్ప. లోపల దుప్పట్లు, తరిగిపెట్టిన ఉల్లిగడ్డలు, రెండు జతల చెప్పులు.

మనుషులు లేరు.

"రూల్ తప్పిన్రు. ఎవరో తరిమిండ్రేమో," అన్నాడు పాల్. అన్నాడే గానీ, ఆ చెప్పుల వైపు మళ్లీ మళ్లీ చూశాడు.

వాళ్లు బండ అవతల, దూరంగా టెంటు వేసుకున్నారు. మంట లేదు. చపాతీలు చల్లగానే తిని పడుకున్నారు.

గాలి పడిపోయాక వినిపించింది.

"జర... నీళ్లు..."

పాల్ చెయ్యి చటుక్కున ఆమె నోటి మీద పడింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. మళ్లీ అదే మాట... ఇంకా సన్నగా.

రేణుక చెవి ఒగ్గి విన్నది. మొదటి మాట వస్తుంది, రెండో మాటకు ఊపిరి చాలదు. రక్తం పోయినవాళ్లు వార్డులో ఇట్లాగే అడుగుతారు. దయ్యానికి ఆయాసం ఎందుకు?

"మనిషి, పాల్," అంది గుసగుసగా.

"నీళ్ల కాడుండి నీళ్లడిగేది మనిషెట్లయితది?"

రేణుక ఎటూ తేల్చుకోలేక కూర్చుండిపోయింది.

అంతలో ఏదో బరువైన జంతువు దోనలో దిగిన చప్పుడు... బుసకొడుతూ తాగి, పొదల్లోకి పోయింది. ఆ తర్వాత గొంతు మళ్లీ రాలేదు.

అడిగినప్పుడు వేసిన భయం కంటే, అడగడం ఆగిపోయినప్పుడు వేసిన భయం ఎక్కువ. రేణుక లేచి బూట్లు తొడుక్కుంది.

"పోవద్దు. నా మాటిను..."

"నువ్వు టార్చ్ పట్టు. లేకుంటే నేనే పట్టుకపోత."

పాల్ ప్రభువును తలుచుకుంటూ వెనకాలే నడిచాడు.

దోన దగ్గర ఎవరూ లేరు. నల్లటి నీళ్లు, అంతే. టార్చ్ చుట్టూ తిప్పారు. ఇక వెనక్కి మళ్లుతుంటే, రేణుక కాళ్ల కిందనుంచి...

"నీళ్లు..."

పొదలు కప్పేసిన బండ చీలిక. లోపల నిలువెత్తు లోతున ఒక ముసలామె ముఖం. మోకాలు పక్కకు తిరిగిపోయి ఉంది.

రేణుక బోర్లా పడుకుని, చున్నీ నీళ్లలో ముంచి కిందికి వదిలింది. ఆమె దాన్ని పసిపిల్లలా చప్పరించింది. పేరు జమ్ములమ్మ. గుట్ట కింది గూడెం. తప్పిపోయిన మేకను వెతుకుతూ వచ్చి జారిపడింది.

"ఎప్పుడు పడ్డవమ్మా?"

"తెల్వదు బిడ్డా. మీకన్న ముందుగాల గూడ పిలగాండ్లొచ్చిన్రు. మంటేసుకున్నరు. నేను పిలిస్తే... అరుసుకుంట ఉరికిన్రు."

పాల్ టార్చ్ ఆ ఒరిగిన టెంటు మీద పడి, అక్కడే ఆగింది.

తెల్లారగానే పాల్ దిగిపోయి వెంకటయ్యను, తాళ్లతో మనుషులను తీసుకొచ్చాడు. జమ్ములమ్మను పైకి తీశారు. ప్రాణానికి ఫికర్ లేదంది రేణుక. అందరి ముఖాలూ తేటపడ్డాయి, వెంకటయ్యది తప్ప.

"పోయిన ఎండకాలం గూడ గొంతు ఇన్నం బిడ్డా," అన్నాడు నేల చూస్తూ. "కొన్ని దినాలడిగింది. అటెన్క ఆగింది. పోయింది, పీడ వదిలిందనుకున్నం."

"ఎవరన్న పోయి సూసిన్రా?"

అతను కింద పడున్న తాడు తీసి చుట్టసాగాడు.

డోలీ ఎత్తబోతుంటే జమ్ములమ్మ రేణుక చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు బిడ్డా. కింద, ఆకులల్ల... ఇంకొకామె ఉంది. గాజుల చెయ్యి తగిలింది నాకు. ఎన్నాళ్లాయెనో, పాపం, మాంసం పోయి బొక్కలే మిగిలినయి... ఆమెను గూడ తియ్యిండ్రి."